గురవమ్మ నోటికి దురాయి

నిశ్శబ్దం కోసం సముద్రం ఒడ్డుకు వెళ్లిన మొదటి తెలివితక్కువదాన్ని నేనే అయి ఉండను. కానీ చిప్పలపాళెం వెళ్లింది మాత్రం నేనొక్కదాన్నే. గూడూరులో బస్సెక్కి, దిగి, ఆటో మాట్లాడుకుంటే, ఆటో అతను ఇసుక మొదలైన చోట బండి ఆపి, "ఇక్కడ్నుంచి మీరూ మీ కాళ్లూ" అంటాడు. అంత దూరం. నవల సగంలో ఆగిపోయి ఉంది. నెల్లూరులో మా ఇంటి పక్కన అపార్ట్‌మెంట్ లేస్తోంది. ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడల్లా దగ్గు నటించి పెట్టేస్తున్నాను. సముద్రపు గాలి మంచిదని ఎవరో చెప్పారు. గాలి మంచిదే. ఆ గాలి మోసుకొచ్చేవాటి గురించే ఎవరూ చెప్పలేదు.

నేను అద్దెకు దిగిన పెంకుటిల్లు ఊరి చివర, సముద్రానికి ఎదురుగా ఉంది. నా పేరేమిటని కూడా అడగకుండా ఊరు నాకు కథలమ్మ అని పేరు పెట్టేసింది. ఎడమ పక్క ఇంట్లో మస్తాన్, టార్పాలిన్లూ చొక్కాలూ కుట్టే టైలరు. ఎప్పుడో గూడూరు కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చిన నాటి నుంచి ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం మానేశాడు. తెల్లారకముందే మిషను తొక్కడం మొదలుపెడతాడు. కుడి పక్క కామమ్మ. ఆమె తన మేకలకు టీవీ సీరియళ్లలోని అత్తల పేర్లు పెట్టి, ముందు రోజు ఏ అత్త ఎంత దుర్మార్గం చేసిందో చూసి, దాన్ని బట్టి మర్నాడు గడ్డి వేస్తుంది. కడుపు నిండని మేకలు ఊరుకుంటాయా? ఆ వెనక ఇంట్లో హెబ్రోను మైకు పెట్టి ప్రార్థన పాటలు పాడతాడు. పాటలు వేరువేరే గానీ రాగం ఎప్పుడూ ఒకటే. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజు కూడా నాకు ముందు వినిపించింది కామమ్మ మేకలే.

వీళ్లందరూ ఒక ఎత్తు, గురవమ్మ ఒక ఎత్తు. ఆమె మొగుడు చిన్నపోలయ్య చీకటితోనే ఒంటరిగా ఇంజను తెప్ప వేసుకుని పీతల వలకు పోతాడు. ఆయన తిరిగొచ్చే వేళకు గురవమ్మ సరిగ్గా నా కిటికీ ముందు, ఒడ్డున నిలబడి, కొంగు బిగించి, సముద్రం కేసి తిట్లు లంకించుకుంటుంది.

"తాబేలు మనవడా! నత్తగుల్ల నడకోడా! మీ అబ్బ వల ఇప్పటమంటే వల్లోనే నిద్రపోయినాడంట. ఆ నెత్తురేగా నీది!"

ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని తిట్లలోనూ చావు మాట ఒక్కటి కూడా ఉండేది కాదు. మగవాడు నీళ్ల మీద ఉండగా ఆ ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మిగిలినవన్నీ ఎత్తుతుంది. నా నవలలో నాయిక మొదటిసారి ప్రేమ సంగతి చెప్పబోయే పేరా దగ్గర నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే, "బొమ్మిడాయి మూతోడా" అని కిటికీలోంచి వచ్చి పడేది. ఆ నాయిక ఇప్పటికీ నోరు తెరవలేదు.

ఒక సాయంత్రం ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు టీ తాగడానికి వచ్చాడు. భుజం మీద ఎర్ర తువ్వాలు ఉంది. "ఏమ్మా, మా ఊళ్లో నీకేమన్నా ఇబ్బందిగా ఉండాదా?" అని అడిగాడు.

"అబ్బే, ఏం లేదు. పొద్దున పూట కాస్త సద్దు తగ్గితే రెండు పేజీలు ఎక్కువ రాసుకుంటాను, అంతే," అన్నాను. ఊరికే అన్నాను. నెల్లూరులో అపార్ట్‌మెంట్ వాళ్లతో రోజూ అనేదే. వాళ్లు తలూపి, మర్నాడు ఇంకో గోడ పగలగొట్టేవాళ్లు.

పెద్దకాపు టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. భుజం మీద ఆ తువ్వాలు ఉన్నంతసేపు ఆయనతో ఏం చెప్పినా ఊరికి పెట్టుకున్న ఫిర్యాదేనని నాకు తెలియదు. చీకటి పడేలోగా తప్పెట మోగింది. దురాయి వేశారు. పొద్దు తాటిచెట్టంత ఎత్తుకు వచ్చేదాకా కథలమ్మ ఇంటి చుట్టుపక్కల, ఒడ్డుతో సహా, ఎవరూ సద్దు చేయకూడదు, గొంతెత్తకూడదు. దురాయి అంటే సముద్రం ముందు నిలబడి పెట్టే కట్టుబాటు. అది దాటిన ఇంటితో ఎవరూ వల కలపరు, ఆ ఇంటి చేప ఎవరూ కొనరు, పలకరించరు.

మర్నాడు తెల్లవారింది గానీ చప్పుడు లేదు. మస్తాన్ అరుగు మీద కూర్చుని టార్పాలిన్‌ను చేత్తో కుడుతూ, కుట్టు కుట్టుకూ నా వంక చూశాడు. కామమ్మ అత్తలందరి మూతులకూ గోనెగుడ్డలు కట్టింది. హెబ్రోను మైకు ముందు నిలబడి పెదాలు మాత్రం కదిలించాడు. నేను బల్ల ముందు కూర్చున్నాను. ఒక వాక్యం రాసి కొట్టేశాను. నా చెవుల్లో నెత్తురు తిరుగుతున్న చప్పుడు నాకే వినిపించింది. దురాయి విననిది సముద్రం ఒక్కటే.

ఆ మధ్యాహ్నం గురవమ్మ పెరటి వాకిట్లోంచి వచ్చింది. నా మీద అరవడానికి వచ్చిందనుకుని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె గడప మీద కూలబడింది.

"నా నోరు కట్టేసినావు కదమ్మా," అంది మెల్లగా. "ఇప్పుడాయన యెట్టొచ్చేది?"

"ఎట్టా అంటే? రోజూ వచ్చినట్టే."

"రోజూ వచ్చేది నా నోటెంబడి. ఆయన కండ్లు మసకలైనాయమ్మా. పోయిన వానాకాలం నుంచీ. ఒడ్డు కనపడదు, తెలుపు మాత్రం కనపడతాదంట. వడక్కి పోతే సగంలో వదిలేసిన రాళ్లగట్టు ఉండాది. దక్షిణానికి పోతే ఏరు కలిసే మొగ, ఈడ్చకపోద్ది. ఇంజను చప్పుడును బట్టి నేను తిడతా. వడక్కి జరిగినాడంటే వాళ్లమ్మ తట్టోళ్లను, దక్షిణానికి జరిగినాడంటే వాళ్లబ్బ తట్టోళ్లను. నేరుగా వస్తా ఉంటే ఆయన్నే తిడతా."

"అయితే అన్ని రోజులూ ఉత్తరం వైపు, వాళ్లమ్మ వాళ్లే ఎక్కువ తిట్లు పడుతున్నారే?" అన్నాను.

"అవును. గాలి వడక్కే తోస్తాది. మాది మేనరికం. వాళ్లమ్మ తట్టోళ్లంటే మా నాయనే." గురవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రోజూ మా నాయన్ని తిట్టి మొగుణ్ణి ఇంటికి తెచ్చుకుంటా ఉండా."

ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందని, నెల్లూరులో డబ్బు అడగకుండా చేస్తారని చెప్పాను. కంటికి కత్తంటే ఆయనకు భయమట. పైగా సంగతి బయటపడితే పెద్దకాపు తెప్ప ముట్టుకోనివ్వడు. కళ్లు లేనివాణ్ణి నీళ్ల మీదికి పంపితే ఆ పాపం ఊరిదని అక్కడి వాళ్ల నమ్మకం. సముద్రం లేకపోతే ఆయన మనిషిగా ఉండడంటూ, ఎవరితోనూ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని వెళ్లింది.

నేను పరుగున పెద్దకాపు దగ్గరికి పోయి దురాయి ఎత్తేయమన్నాను. ఎందుకని అడిగాడు. అసలు సంగతి చెప్పకూడదు. సద్దు లేకపోతే రాత సాగడం లేదన్నాను. అది నిజమే, కానీ ఆయన నమ్మలేదు.

"మా కోసం మొహమాటపడతా ఉండావు. మేం ఓర్చుకుంటాంలే. నువ్వు రాసుకోమ్మా."

మస్తాన్ అక్కడే ఉన్నాడు. "కక్షిదారు మాట మారిస్తే చెల్లదు మేడం," అన్నాడు. "అర్జీ మీది, ఆర్డరు ఊరిది. అమాస దాకా అమల్లో ఉంటది." ఆయన మిషను మూలపడినా సరే, న్యాయం గెలిచినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో పోలయ్య ఎలాగో వచ్చేవాడు, ఎండ తళుకును బట్టి. గురవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒడ్డున నిలబడేది. నేను కిటికీలో నిలబడేదాన్ని. తెప్ప ఇసుకను తాకేదాకా ఇద్దరం అక్కడి నుంచి కదిలేవాళ్లం కాదు.

అలా ఉండగా ధనుర్మాసం మంచు దిగింది. నా కిటికీ నుంచి పక్కనున్న కామమ్మ పాక కూడా కనపడలేదు. మంచు చూసి ఊళ్లో ఎవరూ తెప్ప వేయలేదు. పెద్దకాపుతో సహా మగవాళ్లంతా ఒడ్డున చితుకుల మంట చుట్టూ కూర్చున్నారు. పోలయ్య ఒక్కడే, మంచు దిగకముందే పోయాడు. "పోలయ్యకేం, కండ్లు మూసుకుని వస్తాడు," అన్నాడు హెబ్రోను గుసగుసగా. దురాయి కదా, గుసగుసగానే నవ్వుకున్నారు.

నేను చెప్పుల్లేకుండానే ఒడ్డుకు పోయాను. గురవమ్మ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి ఉంది. ఇంజను దగ్గు వినిపించింది. మొదట ఎదురుగానే ఉంది. తర్వాత ఉత్తరానికి జరిగింది. ఇంకా జరిగింది. రాళ్లగట్టు మీద అల విరుగుతున్న చప్పుడు, ఇంజను చప్పుడు దగ్గరవుతున్నాయి. గురవమ్మ నోట్లోంచి కొంగు లాగేసింది. అరిస్తే ఆ ఇంటికి వెలి. అరవకపోతే మొగుడు దక్కడు. ఆమె నోరు తెరవబోయేంతలో ఆ నోటికి నా అరచేయి అడ్డం పెట్టి, నా నోరు తెరిచాను.

"తాబేలు మనవడా!" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగి నేను వీధిలో అరవలేదు. సభల్లో మైకు ఉంటుంది.

"మా నాయన్ని, మా నాయన్ని తిట్టు," అంటోంది గురవమ్మ నా చేతి కింద నుంచి.

"మీ అమ్మ తట్టోళ్లంతా దొంగ పీతలు!" అని అరిచాను. ఈసారి గొంతు లేచింది. "మీ మామ ఉప్పుచేపను కూడా ఎండలో కావలి కాయలేని సోమరి! మీ తాత మీసాల్లో చింతపండు పిసక! నీకు పిల్లనిచ్చినోడికి బుద్ధి లేదు, తెడ్డూ లేదు!" అందులో కొన్ని గురవమ్మవి. కొన్ని నావే, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. ఇన్ని నెలలుగా నవలలోకి రానిదంతా అప్పుడే వచ్చింది.

ఇంజను ఆగి, తిరిగి, మా వైపు దగ్గింది. మరీ దక్షిణానికి తిరిగింది. "ఇంక వాళ్లబ్బను," అంది గురవమ్మ. వాళ్ల అబ్బనూ వదల్లేదు. వెనక మంట దగ్గర అందరూ లేచి నిలబడ్డారని తెలుస్తూనే ఉంది. మంచులోంచి తెప్ప ముక్కు బయటపడింది.

పోలయ్య తెప్పను ఇసుక మీదికి లాగి, పీతల బుట్ట తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. గురవమ్మ నా పక్కనే, జానెడు దూరంలో ఉంది. ఆయన బుట్టను నా చేతికిచ్చి, తడి చెయ్యి నా భుజం మీద వేశాడు.

"గొంతు బొంగురుపోయిందేందే," అన్నాడు నాతో. "ఇన్నాళ్లూ దురాయి సాకుతో నామింద అలిగినావనుకున్నా. ఇట్టా మూగనోము పట్టబాకే గురవా. నువ్వు తిట్టకపోతే నాకు ఇల్లు యాడుండాదో తెలీదు."

హెబ్రోను తల దించుకున్నాడు. గురవమ్మ, "నేనీడుండానయ్యా," అని చెప్పి, ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి తీసి తన భుజం మీద వేసుకుని, ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. అంత ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం, దురాయి వల్ల కాకుండా, అదే మొదటిసారి చూశాను.

పెద్దకాపు భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకుని పోలయ్య దగ్గరికి వచ్చాడు. అంటే ఇప్పుడు ఆయన కాపు కాదు. "అన్నా," అన్నాడు, "నాకు ఒక మాట చెప్పుంటే పొయ్యేది కదా."

దురాయి దాటినందుకు నా మీద విచారణ జరిగింది. మస్తాన్ నా తరఫున వాదించాడు. సద్దు వల్ల ఎవరికి ఇబ్బందని దురాయి వేశారో, ఆ మనిషే సద్దు చేసింది కాబట్టి ఫిర్యాదుదారు ఎవరూ లేరన్నాడు. కేసు కొట్టేశారు. ఆ సాయంత్రమే మిషను మళ్లీ దడదడలాడింది. కామమ్మ అత్తల మూతులు విప్పింది. నా నాయిక రెండు పేజీలు మాట్లాడింది.

పోలయ్యను నెల్లూరు తీసుకెళ్లాం. ఆసుపత్రిలో ఆయన గురవమ్మ చెయ్యి నలిపేస్తుంటే, డాక్టరు వినేలా ఆమె ఆయన్ని తిట్టింది. కట్టు విప్పి, మందుల రోజులు గడిచి, పెద్దకాపు సరేనన్నాక, ఒక తెల్లవారుజామున ఆయన మళ్లీ తెప్ప వేశాడు.

పొద్దున అందరం ఒడ్డున ఉన్నాం. మంచు లేదు. ఎండ మెరుస్తోంది. తెప్ప దూరం నుంచే కనిపించింది, నేరుగా వస్తోంది. గురవమ్మ చేతులు కట్టుకుని ఊరికే నిలబడింది. ఇక తిట్టే పని లేదు కదా. ముఖం చిన్నబోయి ఉంది.

అలలు విరిగే చోటికి అవతల పోలయ్య ఇంజను ఆపేశాడు. తెప్ప మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ముందుకు రాడు. "ఏమైందన్నా?" అని హెబ్రోను కేకేశాడు. జవాబు లేదు. పోలయ్య మా అందరినీ చూస్తూ, ఒక చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

అందరి కన్నా ఆలస్యంగా అర్థమైంది గురవమ్మకు. "సిగ్గు లేదు ఈయనకు," అంది మాతో. కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి, నీళ్లలోకి దిగింది. ఆయన ఉత్తరానికీ జరగలేదు, దక్షిణానికీ జరగలేదు. అయినా ఆమె ముందు తన నాయన్నే అందుకుంది.

అవతల ఇంజను దగ్గింది.