దేవుడి గూట్లో చాదర్

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. అత్తయ్య కింద పరిచిన బట్టలు అందులో వేసి కర్రతో తిప్పుతున్నాను. వరండాలో మా ఆయన ఫ్యాక్టరీ సాబ్‌కి ఇవ్వాల్సిన రిపోర్టు రాసుకుంటున్నారు.

"నలభై రోజుల్లో అమ్మ వీపు మీద మూడు పుళ్లు మానిపోయాయి సుభద్రా! అంతా వెండి మహిమ!"

నా చేతిలో కర్ర ఆగిపోయింది.

మేం వలసొచ్చిన ఈ హిందీవాళ్ల ఊరు ధర్సీవాలో ఆయన పనిచేసే చోట, గాలంతా తోడేసిన పెట్టెలో లోహాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ మీద పూత పూస్తారు. ఆ పూతే వెండితో నూలుబట్ట మీద పూస్తే ఆసుపత్రులకి పనికొస్తుందన్న ఆలోచన ఈయనదే. వెంట్రుకని వెయ్యి పొరలుగా చీలిస్తే ఒక్క పొరంత పలచనట. ఒకసారి పరీక్ష చేసిన గాజు పళ్లెం చూపించారు. మామూలు గుడ్డ చుట్టూ సూక్ష్మజీవులు బూజులా అల్లుకుపోయాయి. వెండి పూసిన ముక్క చుట్టూ మాత్రం గిన్నె బోర్లించి చుట్టూ ముగ్గు చల్లి తీసినట్టు గుండ్రంగా, శుభ్రంగా ఖాళీ. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. ఎనిమిదో తరగతితో ఆగినదాన్ని. దేవుడు వెండిలో దాచిన గుణాన్ని నా మొగుడు బట్ట మీదకి దించాడని పొంగిపోయాను. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు.

కాని ఆ వెండి పూసిన చాదర్, అదే పక్కదుప్పటి, ఆయన ఇంటికి తెచ్చిన రోజు, తుంటి విరిగి మంచాన పడ్డ అత్తయ్య ఒప్పుకోలేదు. "ఏటే కోడలా, లక్ష్మీదేవిని నా కింద వేస్తావేటి? మంచంలోనే అన్నీ అయిపోతున్నదాన్ని. ఆ పాపం నాకొద్దమ్మా" అంది. నాకూ చెయ్యి రాలేదు. తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేశాను. సాయంత్రం ఆయన గుమ్మం అవతల నుంచే "మార్చావా?" అన్నారు. "చాదర్ మార్చానండీ" అన్నాను. మార్చింది మామూలు దుప్పటి. అబద్ధం కాదు, నిజమూ కాదు. "ఇంక నీ పనేముంది? మిగతాది వెండి చూసుకుంటుంది" అని వెళ్లిపోయారు.

రెండు గంటలకోసారి ఆవిణ్ణి పక్కకి తిప్పాను. వీపు తుడిచాను, తడి ఆర్చాను, బట్టలు మరిగించి ఎండలో ఆరేశాను. నడుం పట్టేస్తే గోడకి ఆనుకుని స్వామిని తలుచుకున్నాను. ఈ నలభై రోజుల్లో ఆయన ఒక్కసారి ఆ మంచం మీది గుడ్డ చేత్తో పట్టుకుని ఉంటే తెలిసిపోయేది.

చేతులు తుడుచుకుని వెళ్లి కాగితం చూశాను. హిందీలో అచ్చువేసిన గడులు. అన్నీ నిండాయి. 'రోగిని చూసుకున్నవారు' అన్నచోట మాత్రం ఒక అడ్డగీత.

"ఇదేంటండీ?"

"నర్సుని పెట్టుకోలేదుగా. ఇంట్లోవాళ్లమే కదా, ఏం రాస్తాం?"

ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. రేపు ఎక్కడో ఒక ఆసుపత్రి ఈ కాగితం నమ్మి, చాదర్ పరిచాం కదా అని, ఒక ముసలావిణ్ణి కదపకుండా వదిలేస్తే? ఆ పాపం ఎవరి లెక్కలో పడుతుంది స్వామీ?

గూట్లోంచి చాదర్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. మడత విప్పలేదు. మీద ఎండిన బంతిరేక ఒకటి అంటుకుని ఉంది.

ఆయన ముఖం పాలిపోయింది. "అరే, నెల్రోజులుగా సాబ్‌కి చెప్తున్నానే! నా ఇజ్జత్ ఏం కావాలి?"

లోపల్నుంచి అత్తయ్య అందుకుంది. "దాన్ననకురా, వద్దన్నది నేను. అయినా నువ్వొచ్చి ఎప్పుడైనా చూశావేటి? గుమ్మం దగ్గర కొలువు తీరి పోతావు, దొరలాగ!"

"మీ వెండిని తక్కువ చెయ్యట్లేదండీ" అన్నాను. "ఆ పళ్లెం నా కళ్లతో చూశాను. అత్తయ్య మడమ పుండు ఇంకా మానలేదు. ఇప్పుడు నిజంగా పరీక్ష పెడదాం. అత్తయ్యా, గూట్లో దాచుకోమని దేవుడు వెండికి ఆ గుణం ఇచ్చి ఉండడు. పరచనా?"

"నువ్వు పరిస్తే సరే" అంది అత్తయ్య.

ఆయన పాత కాగితం చింపి కొత్తది తీశారు. అందులో, ఇందాక ఆయన అడ్డగీత గీసిన గడిలో, నా పేరు తెలుగులో రాశాను. లోపలికెళ్లి అత్తయ్యని పక్కకి తిప్పి, చాదర్ విదిలించి పరిచాను. వెలుగులో అది బూడిదరంగుగా, తామరాకులా నున్నగా మెరిసింది.

"రెండు గంటలకోసారి తిప్పాలి" అన్నాను. "ఇవాళ ఆదివారం. మొదటి వంతు మీది."

ఆ గడిలో నా పేరు పక్కన ఇంకో పేరుకి చోటు వదిలాను.