ఐదో కుట్టు

ఆమె దుప్పటిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. నడుమ పలచబడిన బట్టను నిలువునా కోసి, ఇంకా గట్టిగా ఉన్న రెండు అంచులను మధ్యకు తెచ్చి కలపడం ఆ ఆసుపత్రి కుట్టుగదిలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని. దానితో దుప్పటి మరో రెండేళ్ళు బతుకుతుంది. పడుకున్న రోగి వీపుకు ఆ కుట్టు తగలకూడదు. తగిలిందంటే చేతకానివాళ్ళు కుట్టినట్టే. ఆమె కుట్టు ఎన్నడూ ఎవరి వీపుకూ తగలలేదు.

దుప్పటి మూలన ఎర్ర దారంతో మూడు చిన్న గీతలు వేసింది. అది ఆమె గుర్తు. గదిలోని ఆరుగురికీ తలా ఒక గుర్తు ఉంది. కుట్టు విడిపోయిన రోజున ఎవరిని పిలిచి మందలించాలో తెలియడానికి పైవాళ్ళు పెట్టిన పద్ధతి అది. విడిపోని దుప్పట్లు వేలకు వేలు ఉతుకుకు వెళ్ళి తిరిగివచ్చాయి. వాటి మూలలు ఎవరూ తిప్పి చూడలేదు. ఇది సబబు కాదని ఆమె ఒకసారి పర్యవేక్షకురాలితో అన్నది. "గుర్తు పెట్టింది తప్పు పట్టుకోడానికమ్మా, మెచ్చుకోడానికి కాదు," అని ఆవిడ నవ్వింది. ఆమె నవ్వలేదు.

"మూడో మిషను కుట్టు వదిలేస్తోంది," అన్నది తల తిప్పకుండానే.

మూడో మిషను మీది పిల్ల ఆపి చూసుకుంది. నిజమే, జానెడు మేర దారం పట్టలేదు. "వీపున కూడా చెవులున్నాయా అక్కయ్యా నీకు?"

"ఉన్నవి రెండే. మాటలు తగ్గిస్తే నీకూ వినబడుతుంది."

ఆరు మిషన్ల చప్పుడులో ఏది ఎవరిదో ఆమెకు విడివిడిగా తెలిసేది. చిన్నతనంలో ఆమె సంగీతపాఠాలేమీ నేర్వలేదు, ఆ చెవిని ఈ గదే ఇచ్చింది. ఈ గదే ఇంకొకటి కూడా ఇచ్చింది. అటక మీద ఒక పాత రేడియో ఉండేది. దాని ముల్లును లాగే దారం తెగిపోయి, ఏదో దూరదేశపు స్టేషను దగ్గర ఇరుక్కుపోయింది. మధ్యాహ్నం మూడు కాగానే అందులో జాజ్ సంగీతం వచ్చేది. "ఆ బాకాల గోల భరించలేం, కట్టెయ్యండి," అని మొదట్లో అందరూ అరిచారు. కట్టేస్తే మిషన్ల మోతే మిగిలేది, కాబట్టి వాగనిచ్చారు. నాలుగేళ్ళ తరువాత ఎవరో దారం వేయించారు. ఆ రోజునుంచి గదిలో సినిమా పాటలు. ఐదుగురు సంతోషించారు. ఆమె మాత్రం మూడు గంటలకు తల ఎత్తి, ఏదో పోగొట్టుకున్నదానిలా కాసేపు ఊరుకుని, మళ్ళీ తల దించుకునేది.

ఆ పోగొట్టుకున్నది పదకొండేళ్ళ కిందట ఒక మేడమీది గదిలో దొరికింది. భూగోళం చెప్పి విరమించిన మాస్టారొకరి ఇంటికి బాగుచేసిన కిటికీ తెర ఇవ్వడానికి వెళ్ళి, మెట్ల మీదే నిలబడిపోయింది. లోపల రికార్డు తిరుగుతోంది. "ఎంతసేపు నిలబడతావమ్మా, లోపలికి రా," అన్నారాయన. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో ముగ్గురు కూర్చుంటారు: మాస్టారు, మందుల షాపాయన, ఆమె.

ఆ రోజు శనివారమే. ఒంటిపూట పని ముగించి ఇంటికి వచ్చి, చిరుగు లేని చీర కట్టుకుని, ఆకుపచ్చ గుడ్డసంచీ చంకన పెట్టుకుంది. అన్నగారు పోయాక ఆ రెండు గదుల ఇంట్లో ఉంటున్నది ఆమే, వదినగారూ.

"ఏమే, పెళ్ళిచూపులకా?" అన్నది వదిన, ఎండిన బట్టలు మడతపెడుతూ.

"ఇవాళ రికార్డు తేవడం నా వంతు వదినా."

"పదకొండేళ్ళకి వచ్చిందా నీ వంతు! ఆ మగవాళ్ళిద్దరూ నీ వంతు ఎన్నిసార్లు తిన్నారో."

"వాళ్ళు తినలేదు. ఇంట్లో రికార్డు పెట్టె లేదని నేనే అడగలేదు."

"అడగందే ఎవరిస్తారే నీకు?" వదిన లేచి, ఆమె భుజం మీది దారప్పోగు తీసి పారేసింది. "వెళ్ళు. గొంతు పెంచి మాట్లాడు. లోలోపల గొణక్కు."

ఆ సభకు కొన్ని నియమాలున్నాయి. తెచ్చే రికార్డు తక్కిన ఇద్దరూ విననిదై ఉండాలి. అట్ట కనబడకుండా సంచీలో తేవాలి, పేరు చూసి మెచ్చుకోవడం మాస్టారికి గిట్టదు. ఆ సంచీలన్నీ ఆపరేషను గదిలో పాతబడిన ఆకుపచ్చ గుడ్డతో ఆమే కుట్టింది. మూలన ఎందరు వాయించారో అన్ని ఎర్ర కుట్లు ఉంటాయి. వినేముందు వేలితో తడిమి చూసుకోవడం వరకే అనుమతి. విన్నాక తలా ఒక మాట చెప్పాలి. అట్టమీది వివరమూ, చెప్పిన మాటలూ మాస్టారు పుస్తకంలోకి ఎక్కిస్తారు. తెచ్చినవారి మాట ఎవరైనా ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోనివారు రికార్డును తమ దగ్గర వారం రోజులు ఉంచుకుని వినాలి.

ఆమె రికార్డు పాతసామాన్ల దుకాణంలో దొరికింది. మాస్టారి గదిలో మందుల షాపాయన సంచీ తడిమి, "నలుగురు," అన్నాడు. "ఎలా ఉంటుంది అక్కయ్యగారూ?"

"నేనూ వినలేదు."

"విననిది తెచ్చారా! అంటే ముగ్గురం ఒకేసారి బావిలో దూకుతున్నామన్నమాట."

మాస్టారు ముల్లు దించారు. గొంతు బొంగురుపోయిన మనిషి ఎవరినో నిద్రలేపకుండా మాట్లాడుతున్నట్టు సాక్సోఫోన్ మొదలైంది. దాని వెనక పియానో, దాని కింద నేలలోంచి వచ్చినట్టు బాస్. డ్రమ్ము మీద తీగల కుంచెలు వాన చినుకుల్లా రాసుకుంటున్నాయి. ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని, కుట్టుగదిలో లాగే, చప్పుళ్ళను ఒకదాన్నుంచి ఒకటి విడదీసింది. నాలుగు విడిపోయాయి. ఇంకొకటి మిగిలింది.

పాట ముగిశాక మందుల షాపాయన, "పియానో ఆయనకి మెట్లు దిగే తొందర, మిగతావాళ్ళకి లేదు," అన్నాడు. "సాక్సోఫోన్ వాయించినవాడు పెద్దవయసువాడు. ఊపిరి పొదుపుగా వాడుతున్నాడు," అన్నారు మాస్టారు. ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఐదుగురున్నారు," అన్నది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "సంచీ మీద నాలుగు కుట్లు వేసింది నువ్వే కదమ్మా?"

"అట్ట మీద నాలుగు పేర్లున్నాయని వేశాను. అది తప్పు. వెనకెక్కడో ఎవరో గింజలు పోసిన డబ్బా ఊపుతున్నారు."

"డ్రమ్ములాయనే ఊపి ఉంటాడు."

ఆమె వాదించలేదు. రికార్డు మళ్ళీ పెట్టమని, మందుల షాపాయనను కుర్చీ అంచుకు జరగమన్నది. "మీరే ఆ డ్రమ్ములాయన. కుడిచేత ఒక కుంచె, ఎడమచేత ఒక కుంచె. రెండూ వినబడుతున్నాయా? కుడికాలితో పెద్ద డ్రమ్ము, ఎడమకాలితో ఆ తాళాల జత. కానివ్వండి."

ఆయన రెండు చేతులూ రెండు కాళ్ళూ ఆడిస్తూ చెమట పట్టాడు. డబ్బా గలగలమన్నది.

"ఇప్పుడిది దేనితో ఊపుతారు?"

"పళ్ళతో కరుచుకోవాలి అక్కయ్యగారూ!"

మాస్టారు కూడా నవ్వారు. కాని నవ్వు ఆగాక తల అడ్డంగా తిప్పారు. "కాలికే కట్టుకుని ఉండొచ్చు కదా. నా చెవికి అది వేరే మనిషిలా లేదు."

"చివర వినండి. నలుగురూ ఆపేశాక గింజలు ఇంకో రెండుసార్లు మోగాయి. ఆపుతున్నామని అతనికి ఎవరూ చెప్పలేదు."

మాస్టారు గీరుకుంటున్న ముల్లును ఎత్తి పక్కన పెట్టారు.

"అట్ట అచ్చువేసినవాళ్ళకు తెలియదంటావా?" అన్నారు మాస్టారు.

"తెలిసే ఉంటుంది మాస్టారూ. నా కోపం అందుకే." ఆమె గొంతు పెరిగింది, పదకొండేళ్ళలో ఆ గదిలో అది పెరగడం అదే మొదలు. "పుస్తకంలో రాయండి. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. ఉన్నాడని రాయండి."

మాస్టారు కలం మూత తీశారు, మళ్ళీ పెట్టారు. ఆయన మొండివాడే కాని అబద్ధమాడేవాడు కాదు. "నాకు వినబడనిది నేను రాయలేనమ్మా. నీమీద గౌరవంతో రాస్తే అది నీకే అవమానం."

"అవునండీ. నాకోసం ఒప్పుకోవద్దు," అన్నది ఆమె. "నియమం ఉంది కదా, వారం రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. వినబడితేనే రాయండి. అప్పుడే కుట్టు కూడా వేస్తాను."

ఇంటికి వచ్చేసరికి వీధిలో ఇంకా ఎండపొడ ఉంది. వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"గెలిచావా?"

"వాయిదా పడింది."

"బాగుంది, కోర్టుకు వెళ్ళొచ్చినట్టు." సంగతంతా విని, వదిన ముక్కు మీద వేలు వేసుకుంది. "ఇంతకీ ఎవడే ఆ డబ్బావాడు? చుట్టమా పక్కమా?"

"ఎవరో వదినా. పాట పొడుగునా ఒక్కసారి తడబడలేదు."

వదిన ఇంకేదో అనబోయి, ఆమె ముఖం చూసి, పక్కకు జరిగి గుమ్మంలో చోటిచ్చింది. ఇద్దరూ వీధి వంక చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి ఆమె కాలిబొటనవేలు నేల మీద మెల్లగా కదలడం వదిన చూసింది, చూడనట్టు ఊరుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆసుపత్రిలో భోజనాల గంట మోగింది. కుట్టుగదిలో ఐదు మిషన్లు ఆగాయి. ఆరోది అంతకుముందే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక మిషను ఆగితే పోల్చుకోగల చెవి ఆ గదిలో ఒక్కటే ఉండేది. ఆమె మడిచిన దుప్పటి మీద చెంప ఆనించి ఉంది. మూలన మూడు గీతలూ పూర్తయ్యాయి.

ఆమె పోయిన కబురు మందుల షాపాయన ద్వారా మాస్టారికి చేరింది.

శనివారం నాలుగింటికి వదిన ఆ మేడమెట్లు ఎక్కింది. అంతకుముందు ఎన్నడూ ఎక్కలేదు. మగవాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. వదిన ఓదార్పు మాటలేవీ చెప్పనివ్వలేదు. "మా ఆడపడుచు రికార్డు ఇక్కడుందట. తీసుకుపోవడానికి రాలేదు, మా ఇంట్లో పెట్టె లేదు. ఆ డబ్బావాణ్ణి వినిపించండి, విని పోతాను."

మాస్టారు ముల్లు దించారు. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, బాకాలను భరించి, చివరిదాకా విన్నది. నలుగురూ ఆగారు. గింజలు రెండుసార్లు గలగలమన్నాయి.

"ఉన్నాడు," అన్నది వదిన.

"ఉన్నాడమ్మా," అన్నారు మాస్టారు. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టారు. నాలుగు పేర్ల కింద, మంగళవారం తేదీతో, ఆయన ముత్యాల్లాంటి దస్తూరీలో ఒక పంక్తి ఉంది: ఐదో మనిషి, గింజల డబ్బా, పేరు తెలియదు. "శనివారం వస్తుంది కదా, చూసి సంతోషిస్తుందని కబురు పంపలేదు. పంపవలసింది."

వదిన పుస్తకం మూసి పక్కన పెట్టింది. కుర్చీ వీపుకు వేలాడుతున్న ఆకుపచ్చ సంచీని ఒడిలోకి తీసుకుని మూల తడిమింది. ముప్పై ఏళ్ళు ఆ చేతి కుట్టు చూసిన వేలు ఒకచోట ఆగింది.

"ఇది దానిది కాదే. ఎవరు వేశారు?"

మందుల షాపాయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కిటికీ వైపు చూశారు. "మంగళవారమే వేశాను. తనొచ్చి విప్పేసి మళ్ళీ వేసుకుంటుందనుకున్నాను. ఎర్ర దారం దొరకలేదమ్మా."

"విప్పకండి," అన్నది వదిన, సంచీని మళ్ళీ కుర్చీకి తగిలిస్తూ.

మూలన నాలుగు ఎర్ర కుట్లు గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. వాటి పక్కన, కొంచెం ఎడంగా, చొక్కా గుండీలకు వాడే తెల్ల దారంతో వేసిన ఐదోది, వంకరగా, రెండు ముడులతో, సూది గుచ్చుకున్నచోట ఎండిన చిన్న నెత్తుటి చుక్కతో.