కుబుసం విడిచే బండి

నాచారంలో ఫ్యాక్టరీ మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి గేటు దగ్గర ఉప్పలమ్మ ఇడ్లీ గిన్నె మూత తీయాలి. ఇన్నేళ్లలో ఏనాడూ ఆలస్యం కాలేదు. చీకటితోనే భర్త మొగిలయ్య కారు డిక్కీలో గిన్నెలు సర్ది, సాంబారు డేక్షా కదలకుండా చుట్టూ గోనెసంచి కుక్కి, ఉప్పల్ నుంచి బండిని మెల్లగా తోలుకొచ్చేవాడు. ఆ బండి ఒకప్పుడు అతను డ్రైవరుగా పనిచేసిన సేటుది. సేటు ఫ్యాక్టరీ మూసి ఊరికి పోతూ, "ఇక నువ్వే చూసుకో" అని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళాడు.

అప్పుడది నలుచదరంగా ఇనప్పెట్టెలా ఉండేది. వెనక స్టెప్నీ మోసుకుంటూ తలుపు బీరువాలా పక్కకు తెరుచుకునేది. కార్ల కంపెనీవాళ్ళు కొత్త మోడల్ దించిన ఏడు, ఒక పొద్దున లేచి చూస్తే బండి కుబుసం విడిచింది. మూలలు నున్నబడ్డాయి. స్టెప్నీ పొట్టకిందికి చేరింది. వెనక తలుపు గొడుగులా పైకి లేవసాగింది. దాని నీడన టిఫిన్ తినొచ్చని కార్మికులు సంతోషించారు. విడిచిన కుబుసాన్ని పక్కింటి సత్యనారాయణమూర్తిగారు మడిచి పట్టుకెళ్ళి, కారుతున్న వంటింటి రేకుల మీద కప్పుకున్నారు. ఆయనది భీమవరం వైపు. ఆయన సందేహమల్లా ఒకటే.

"ఏమయ్యా మొగిలయ్యా, మళ్ళీ పూజ చేయించొద్దూ? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టావా?"

"బండి గదే, నంబరు గదే సారూ. తోలు మారితే మనిషికి మళ్ల పేరు వెడ్తరా?"

మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడు మొగిలయ్య ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్ తొక్కితే ప్రాణం పోయేది. దవాఖానాలో డాక్టరు ఇక బండి తోలొద్దన్నాడు. నేను నేర్చుకుంటానని ఉప్పలమ్మ స్టీరింగ్ పట్టింది. క్లచ్ వదిలితే బండి కప్పలా ఎగిరేది, వదలకపోతే ఉన్నచోటే గుర్రుమనేది. నాచారం చౌరస్తాలో బండి ఆగిపోయి, బస్సు డ్రైవరు చేత తిట్లు తిని, ఆమె ఇంటికి నడిచొచ్చింది.

తోలే మనిషి లేకపోతే టిఫిన్ల పనే లేదు. చివరికి అమ్మేయడానికే ఒప్పుకున్నారు. నారపల్లిలో ప్లాట్లు అమ్మే బుచ్చిరాములు సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు.

"నేను చెంగిచెర్లల వాచ్‌మన్‌గ వోత. నువ్వు ఎవలింట్లనన్న వంట జేద్దువు," అన్నాడు మొగిలయ్య.

"ఒకలింట్ల వండి, ఉప్పు తక్కువైందని మాట వడాల్నా? మా గేటుకాడ నన్ను ఎవడన్న అనెటోడుండెనా?" అంటూ ఉప్పలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

పాము కుబుసం విడిచే ముందు దాని కళ్ళకు తెల్లపొర కమ్ముతుంది. శనివారం సాయంత్రానికి బండి హెడ్‌లైట్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. మూర్తిగారే మొదట చూశారు.

"అమ్మా ఉప్పలమ్మా, బండి మళ్ళీ విడిచేలా ఉంది. కుబుసం నాకేనమ్మోయ్! మా అల్లుడి బైకుకి కవరు కావాలి."

సోమవారం బుచ్చిరాములు వచ్చేసరికి బండి నిగనిగలాడుతోంది. లైట్లు చెంపలదాకా సాగాయి. తాళంచెవి తిప్పేచోట బొత్తాం మొలిచింది.

"కొత్త మోడలే! ఇగ బండి ఇయ్యన్నా," అన్నాడతను మురిసిపోతూ.

బుచ్చిరాములు చేతే గేటుదాకా తోలించి ఆఖరి పూట టిఫిన్లు అమ్ముదామని, డిక్కీలో సాంబారు అప్పటికే ఎక్కించి ఉంది. ఒక్కసారి కూర్చుంటానని మొగిలయ్య ఎక్కాడు. ఎడమకాలు కింద తడుముకుంది.

"క్లచ్ ఏడవోయిందే?"

"ఆటోమేటిక్ అన్నా గిది. ఎడమకాలుకు పనే లేదు."

మొగిలయ్య మొహం వెలిగింది. కానీ బండి నాలుగడుగులు కదిలిందో లేదో, ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకును కసిగా తొక్కింది. డేక్షా మూత ఎగిరింది. మొగిలయ్య మోకాలు పట్టుకుని కేకపెట్టాడు.

"దిగు," అంది ఉప్పలమ్మ. "నీకు క్లచ్ మరుపు రాదు. నాకు అసలు రానే రాదు. మరిసేది ఏముంది?"

చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఎక్కి, ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకుంది. కుడికాలు ఆనించగానే బండి మెత్తగా సాగింది.

"మరి నా బేరం?" అని బుచ్చిరాములు పక్కనే పరుగెత్తాడు.

"ఎక్కన్నా, ఇడ్లీ తిని పోదువు."

గేటు దగ్గర కార్మికులు ప్లేట్లు పట్టుకుని తొంగిచూశారు.

"డ్రైవరు మామ ఏడమ్మా?"

"డ్రైవర్ని నేనే. మీ మామ ఎనక సాంబారు వట్టుకున్నడు," అని ఉప్పలమ్మ హారన్ కోసం వెతికింది.