దేవి హెల్త్ కార్డు

తెర అవతల డాక్టరమ్మ "ఊపిరి బిగబట్టు" అంది. "వదులు" అంది. "ఎడంపక్కకి తిరిగి పడుకో" అంది. మళ్ళీ మొదటికొచ్చి "బిగబట్టు" అంది. అంతవరకూ పిల్లకి అరనిమిషం చొప్పున చకచకా పంపేస్తున్న మనిషి ఈ పిల్ల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో, గుడారం బయట నిలబడ్డ డ్రిల్లు మాస్టారు రమణమూర్తికి అంతు పట్టలేదు. ఎనిమిది వందల మీటర్ల పరుగుకి హీట్సు, అంటే తొలి పోటీలు, ఇంకో గంటలో ఉన్నాయి. పిల్ల ఒళ్ళు వేడెక్కించుకోవాలి, బూట్ల తాళ్ళు సరిచూసుకోవాలి. ఈవిడేమో ఇక్కడ కాలక్షేపం చేస్తోందని లోపల్లోపలే విసుక్కున్నాడు.

అది రెండువేల మూడు డిసెంబరు. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ గ్రౌండులో జిల్లా స్కూళ్ళ సెలక్షన్లు. ఇక్కడ గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. మల్కాపురం హైస్కూల్లో పద్నాలుగేళ్ళుగా విజిల్ ఊదుతున్న రమణమూర్తి ఇంతవరకూ ఒక్క పిల్లనీ ఆ గడప దాటించలేకపోయాడు. దేవి దాటుతుందని రాసిపెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి, యారాడ పిల్ల. ఆరో తరగతిలో ఒకరోజు బస్సు తప్పిపోతే కాలిదారిన కొండెక్కి దిగి, బస్సు పిల్లలకంటే ముందే వచ్చి స్కూలు గేటు పట్టుకుని నిలబడింది. ఆ పూటే పేరు రాసుకున్నాడు మాస్టారు.

తెర తొలిగింది. డాక్టర్ సుధారాణి బయటికొచ్చింది.

"మాస్టారూ, ఈ అమ్మాయి పరిగెత్తడానికి వీల్లేదు."

రమణమూర్తి నవ్వేశాడు. "బలేవారండీ! జిల్లాలో దీని ముందు పరిగెత్తే పిల్ల లేదు."

"గుండెలో కవాటం పాడైంది. శబ్దం స్పష్టంగా వినిపిస్తోంది. ఇవాళ పోటీలో దింపితే ట్రాక్ మీదే పడిపోవచ్చు."

నవ్వు మొహం మీదే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాలేదు. ఆవిడ ఇంకా ఏదో అడుగుతోంది. చిన్నప్పుడు గొంతునొప్పీ, జ్వరమూ వచ్చాయా? కీళ్ళు వాచాయా? నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకి పాకిందా?

పాకింది. ఏడో తరగతిలో, దసరా సెలవుల తరవాత. ముందు మోకాళ్ళు వాచాయి, నాలుగు రోజులకి అవి తగ్గి చీలమండలు పట్టుకున్నాయి. ప్రాక్టీసు నొప్పులని చెప్పి రమణమూర్తే బామ్ ఇచ్చి రుద్దుకోమన్నాడు. నొప్పి ఒకచోట ఉండకుండా తిరుగుతోందంటే ఒళ్ళు గట్టిపడుతోందన్నమాట అని, పెద్ద శాస్త్రం తెలిసినవాడిలా వివరించాడు కూడా. ఈ ఏడాది పరుగు మందగిస్తే బద్ధకమన్నాడు. "మాస్టారా, ఆయాసమొత్తందండి" అంటే, ఆయాసం రాకుండా పరుగేటే అని గదమాయించి రెండు రౌండ్లు ఎక్కువ తిప్పాడు. ఇవన్నీ గుర్తొచ్చినా, "ఏడో తరగతిలో వాచాయండి" అని మాత్రం అన్నాడు.

"అప్పుడే పట్టుకుని ఉంటే మూడు వారాలకో పెన్సిలిన్ ఇంజక్షన్‌తో చాలావరకు ఆగేది," అంది డాక్టరమ్మ. "స్కూల్లో ఏటా చూస్తారు కదా, హెల్త్ కార్డు ఏదీ?"

కార్డు ఎంట్రీ ఫారానికి గుచ్చి ఉంది. ఆవిడ తిప్పి చూసింది. ఏడో తరగతి నుంచి మూడేళ్ళు, మూడు వరసలు. కళ్ళు నార్మల్, పళ్ళు నార్మల్, గుండె నార్మల్. పక్కన ముద్ర.

"ఎవరండీ చూసింది?"

"క్యాంపు డాక్టరండి," అన్నాడు రమణమూర్తి. గొంతు తడబడకుండానే అబద్ధం వచ్చేసింది.

ఆవిడ కార్డు తిరిగిచ్చి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. మాస్టారు దేవిని ఆటో ఎక్కించుకుని బయల్దేరాడు. పిల్లకి ఇంకా సంగతి అర్థం కాలేదు. బూట్లు విప్పలేదు. "రేపు పరిగెట్టనిత్తారా మాస్టారా?" అని గాజువాక దాటేలోగా మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన రోడ్డుకేసే చూశాడు. జేబులో ఉన్న కార్డుని చించి ఆటోలోంచి పారేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

క్యాంపు డాక్టరు రాలేదని కాదు. ఏటా జులైలో ఒకరోజు వచ్చేవాడు. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడు ఎంతని చేస్తాడు? భోజనాల వేళకి రెండు తరగతులయ్యేవి. తక్కిన కార్డుల మీద ముద్ర గుద్దేసి, ఇంకో స్కూలుకి పోవాలని జీపెక్కేవాడు. హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబగారు ఆ దొంతర తెచ్చి డ్రిల్లు మాస్టారి బల్ల మీద పెట్టేది. "మూర్తిగారూ, శనివారానికి ఆఫీసుకి లెక్క పంపాలి." అంతే. నాలుగొందల పైచిలుకు కార్డులు, రెండు మధ్యాహ్నాలు, నాలుగు టీలు. తూకం మిషను స్ప్రింగు ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి సన్నగా ఉంటే ముప్పై కిలోలు, బొద్దుగా ఉంటే నలభై. మిగతా అన్నిటికీ నార్మల్. ముందు పనిచేసిన మాస్టారూ అలాగే రాశాడు, పక్క స్కూలు మాస్టారూ అలాగే రాస్తున్నాడు. గ్రౌండులో సున్నం గీతలు గియ్యడం ఎలాగో ఇదీ అలాగే అనుకున్నాడు తప్ప, అబద్ధం రాస్తున్నానని రమణమూర్తి ఒక్కనాడూ అనుకోలేదు. దగ్గరుండి పెంచుకున్న దేవి కార్డు కూడా ఆ దొంతర్లోనే, ఎవరిదో కార్డులాగే రాసి పడేశాడు.

ఆస్పత్రిలో గుండెకి స్కానింగ్ చేశారు. అయ్యేసరికి దేవి తల్లి గురువమ్మ పరిగెత్తుకొచ్చింది. మల్కాపురం బజార్లో చేపలమ్ముకుంటుంటే ఎవరో కబురు చెప్పారట. గంప ఎవరికి అప్పగించిందో, చేతులింకా తడిగానే ఉన్నాయి. మాస్టార్ని చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఏటయ్యింది బాబూ? మా గుంటకేటయ్యింది?"

ఆయన నోరు విప్పేలోగా లోపలికి పిలిచారు. గుండె డాక్టరు అర్జునరావు కంప్యూటరు బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. కవాటం బాగా మూసుకుపోయింది. ముందు మందులు, తరవాత ఆపరేషన్. పరుగులూ పందేలూ ఇక మరిచిపోవాలి. గురువమ్మ అదంతా విని, తలడ్డంగా ఊపింది.

"కాదు బాబూ, మీరింకోపాలి సూడండి. మా గుంటకి కార్డుంది. ఏటా డాక్టరుబాబు సూసి ముద్దరేత్తన్నాడు. రేషన్ కార్డుతో పాటు కవర్లో పెట్టి దాసినాను. మాస్టారా, పోటీలకని మొన్న మీకిచ్చినాను కదా, సూపించండి!"

రమణమూర్తి చెయ్యి జేబులోకి వెళ్ళింది గాని పైకి రాలేదు. గురువమ్మే లాక్కుని డాక్టరుకిచ్చింది.

అర్జునరావు కార్డు చదివి కనుబొమలు ముడిచాడు. "జులైలో గుండె నార్మల్ అని ఉందే? అంటే ఇదంతా ఈ అయిదు నెలల్లోనే జరిగిందన్నమాట. అంత తొందరగా ముదిరితే ఇది వేరే జబ్బేమో. వైద్యం మార్చాలి, ఇంకా పరీక్షలు చెయ్యాలి." కేస్ షీట్ మీద ఏదో కొట్టేసి కొత్తగా రాయబోయాడు.

ఆ పెన్ను కాగితాన్ని తాకడం చూశాడు రమణమూర్తి. తను రాసిన ఒక్క మాట, ఈ పిల్ల ఒంటి మీద మళ్ళీ పనిచెయ్యబోతోంది.

"రాయకండి సార్!" అని అరిచినంత పని చేశాడు. "జులైలో ఎవరూ చూడలేదండి. నిరుడూ చూడలేదు, ముందటేడూ చూడలేదు. స్టాఫ్ రూములో కూచుని నేనే రాశాను. ఏడో తరగతిలో మోకాళ్ళు వాచాయి, జ్వరం వచ్చింది. అప్పట్నించీ ఉంది సార్ ఇది."

డాక్టరు పెన్ను ఆగిపోయింది. గురువమ్మ మాస్టారి మొహంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు, అసలు మాటే అందనట్టు చూసింది.

"మీరు రాసినారా?" అంది. "డాక్టరు సెప్తే గదా బాబూ మీరు రాసినారు?"

"లేదు గురువమ్మా. ఎవరూ చెప్పలేదు."

"మరి ఆయేడు నాను ఆసుపత్రికి తీసుకెల్తానంటే... మీరే గదా, ఈ కార్డే సూపించి, గుండెకాయ బాగుందని రాసుంది, బెంగెట్టుకోకన్నారు..."

ఆయన తలొంచుకున్నాడు. దేవి తన బూట్లవైపు చూస్తూ కూచుంది. సిగ్గంటే ఏమిటో రమణమూర్తికి ఆ రోజే తెలిసింది, నలభై నాలుగేళ్ళు నిండాక.

గురువమ్మ డాక్టరు బల్ల మీంచి కార్డు తీసుకుంది. అలవాటు కొద్దీ మడత నలగకుండా సర్ది, కొంగుకి చెయ్యి తుడుచుకుని మరీ పట్టుకుంది. చదువు రాదు గాని ఆ నీలం ఇంకు గీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి చూసింది. ఉన్నట్టుండి వేలు ఆగింది.

"మాస్టారా," అంది, "మా యారాడ్లో పదకొండుమంది గుంటలు మీ స్కూలుకొత్తన్నారు. చలమయ్య కూతురికుంది ఈ కార్డు. తాతబాబు మనవడికుంది. మా అసిరమ్మ పిల్లలిద్దరికీ ఉన్నాయి. అన్నీ ఇదే రాతలాగుంటాయి."

రమణమూర్తి తలెత్తాడు.

"ఆల్లయి కూడా మీరే రాసినారేటి?"

"అన్నీ నేనే, గురువమ్మా," అన్నాడు.