నలభై ఆరో పేజీ

దుప్పట్లక్కకు ఆ గుమాస్తా మీద కోపం నషాళానికి అంటింది. దేశంలోకెల్లా పెద్ద కోర్టులో, మూడో నంబరు కిటికీ వెనక, ఎర్రపెన్ను పట్టుకుని కూర్చునే మహానుభావుడు ఆయన. ఆమె అర్జీని వెనక్కి తోయడం ఇది మూడోసారి. మొదట మార్జిన్ చాలదన్నాడు. తర్వాత పేజీల నంబర్లు తప్పన్నాడు.

"నలభై ఆరో పేజీ కనపడటం లేదమ్మా," అన్నాడు ఇప్పుడు.

"కళ్లజోడు మార్చుకోండి సార్, కనపడుతుంది."

"నాకు కాదమ్మా, జడ్జిగారికి కనపడాలి."

ఇరవై రెండేళ్లు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది కాబట్టి ఆమె అందరికీ దుప్పట్లక్కే. ఒక సాయంత్రం ఆ లాండ్రీ గది తగలబడింది. తాళం నీ దగ్గరే ఉంది, యంత్రం ఆపకుండా పోయావంటూ ఉద్యోగం పీకేశారు. నాలుగింటికే తాళం సూపర్‌వైజరుకు ఇచ్చేశానని ఎంత మొత్తుకున్నా కింది కోర్టు వినలేదు, దాని పై కోర్టూ వినలేదు. ఇక మిగిలింది ఈ గడప ఒక్కటే. ఇక్కడా కాదంటే ఉద్యోగం రాదు, మచ్చా పోదు.

ఇక్కడైనా తన గోడు తీరిగ్గా చెప్పుకోవచ్చని ఆమె ఆశ. అద్దం ముందు నిలబడి పదిసార్లు చెప్పి చూసుకుంది కూడా. ఉచితంగా వాదించడానికి ఒప్పుకున్న లాయరమ్మ ఆ ఆశ మీద నీళ్లు చల్లింది.

"ఇక్కడ మీరు మాట్లాడేదేం ఉండదక్కా. కొత్త సాక్షులు రారు, కొత్త కథలు వినరు. కింది కోర్టులు చూడాల్సింది చూశాయా, చట్టం ప్రకారం నడిచాయా అన్నదే చూస్తారు. మీ తరఫున ఆ కాగితాల కట్టే మాట్లాడాలి."

అప్పుడు తిప్పి చూసింది దుప్పట్లక్క, నలభై ఆరో పేజీ. లాండ్రీ రిజిస్టరు నకలు అది. నకలుకు నకలు తీసీ తీసీ, ఎన్నోసార్లు ఉతికిన దుప్పటి మీద ఆస్పత్రి ముద్రలా వెలిసిపోయింది. తాళం తీసుకున్నట్టు సూపర్‌వైజరు చేసిన సంతకం అక్కడుందని తెలుసు కనుక ఆమెకు కనపడుతోంది. తెలియనివాళ్లకు మసక తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఆ పేజీ కనపడటం లేదని చెప్పినవాడు ఈ ఎర్రపెన్ను మనిషి ఒక్కడే.

మొదటి కోర్టు రికార్డు గది ముందు రెండు రోజులు పడిగాపులు పడి, అదే పేజీకి తేటైన నకలు తెచ్చింది. గుమాస్తా దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఊఁ," అని, కట్ట మీద ముద్ర కొట్టాడు: లోపాలు లేవు.

విచారణ రోజు ఆమె చివరి బెంచీలో కూర్చుంది. ముగ్గురు జడ్జీల్లో మధ్యాయన కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"నలభై ఆరో పేజీలో ఈ సంతకం ఎవరిది?"

ఆస్పత్రి తరఫు లాయరు తన కట్ట తిరగేసి, అది సూపర్‌వైజరుదేనని ఒప్పుకున్నాడు. ఎనిమిది నెలలకు తీర్పు వచ్చింది: తప్పు ఆమెది కాదు, ఉద్యోగంలోకి తీసుకోవాలి.

మళ్లీ పనిలో చేరాక తనకు దొరికిన మొదటి సెలవు రోజున ఆమె మూడో కిటికీకి వచ్చింది. ఏమిచ్చినా ఆయన పుచ్చుకోడని లాయరమ్మ ముందే చెప్పింది. అందుకని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయించిన ఉత్తరం ఒక్కటే తెచ్చింది.

"అయ్యా, మిమ్మల్ని నేను తిట్టని తిట్టు లేదు. అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు మీరు నా కాగితం తోసెయ్యకపోతే నా నిజం ఆ మసకలోనే ఉండిపోయేది. బతికినన్నాళ్లూ మీ మేలు మరిచిపోను."

గుమాస్తా ఆమెను గుర్తుపట్టలేదు. కాగితం అందుకుని, అలవాటుగా పెన్నుతో వరసలు చూసుకుంటూ పోయి, పైన ఒక ఎర్ర సున్నా చుట్టాడు.

"తేదీ లేదమ్మా," అని వెనక్కి తోశాడు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లు నిండాయి. అక్కడే తేదీ వేసి మళ్లీ ఇచ్చింది.

ఈసారి ఆయన పెన్ను కింద పెట్టి చదివాడు. నెమ్మదిగా, చివరిదాకా. తలెత్తి ఆమె వంక చూశాడు. ముద్ర తీసి ఆ ఉత్తరం మీద కొట్టాడు.

లోపాలు లేవు.