సుంకన్న చూపుడువేలు

సుంకన్న గాలపు తాడు పైకి లాగి చూశాడు. ముల్లు ఒట్టిగా మెరిసింది. దానికి గుచ్చిన చిన్న పరక చేప తోకతో సహా మాయమైంది. పొద్దు పొడిచినప్పటి నుంచి ఇది ఏడోసారి.

"తెడ్డు కదిలిస్తివా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"ఒళ్ళో పెట్టుకొని కూర్చోనుండా. నేనేడ కదిలిస్తి?" అంది మద్దమ్మ.

ఆమె మాట నిజమే. పుట్టి కదల్లేదు. వెదురు దబ్బలతో గుండ్రంగా బుట్టలా అల్లి, అడుగున బర్రెతోలు బిగించిన పుట్టి అది. మోకుకు కట్టిన బండరాయి మడుగు అడుగున కూర్చుంటే గింగిరాలు తిరక్కుండా నిలబడుతుంది. పైన హోస్పేట దగ్గర ఆనకట్ట కట్టాక తుంగభద్ర చిక్కిపోయింది. శివరాత్రికి ముందే ఇసుక మేటలు తేలాయి. చేపలన్నీ వచ్చి ఇలా బండల నడుమ నీళ్ళు నిలిచిన మడుగుల్లో చేరాయి. గాలం వేసేవాడికి ఇంతకు మించిన అదను దొరకదు. పక్క రేవు పెద్ద ఈరన్న నిన్న ఒక్కపూటలో రెండు వాలుగలు పట్టాడు. సుంకన్న మాత్రం పది రోజులుగా వేలెడంత జెల్లపిల్లలతో ఇల్లు చేరుతున్నాడు.

వల వేసేవాడికి కన్నుంటే చాలు. గాలం వేసేవాడికి వేలు కావాలి. తుమ్మచెక్క కషాయంలో ఉడికించి ఎండబెట్టిన నూలు తాడు, దాని చివర సీసపు గుండు, గుండుకు జానెడు పైన ముల్లు. అంతే సరంజామా. కర్ర లేదు, బెండు లేదు. గుండు అడుగు తాకాక మూరెడు పైకెత్తి, తాడును చూపుడువేలి మీద వేసుకుని కూర్చోవాలి. నీళ్ళ కింద ఏం జరిగినా ఆ వేలికే తెలియాలి. జెల్ల టకటకమని పొడుస్తుంది. తాబేలు తడిసిన గోనెపట్టాలా బరువుగా ఈడుస్తుంది. వాలుగ దొంగది. ఎరను నోట కరుచుకుని చప్పుడు చేయకుండా ఉంటుంది, తాడు వెంట్రుకవాసి బరువెక్కుతుంది. తొందరపడి లాగితే కక్కేస్తుంది. రెండు మూరలు వదిలి, అది మింగి పక్కకు మళ్ళేదాకా ఓర్చుకుని, అప్పుడు చెయ్యి విసిరి గుచ్చాలి. పెళ్ళయిన కొత్తలో సుంకన్న కళ్ళు మూసుకుని, "వాలుగ. రెండు వీశెలుంటాది," అని మద్దమ్మకు చెప్పి మరీ లాగేవాడు. ఎప్పుడూ మాట తప్పలేదు.

ఆ వేలు ఇప్పుడు కట్టెపుల్ల.

ముందు చిటికెనవేలు వంగింది. తెడ్డు వేసి వేసి అనుకున్నాడు. తరువాత మోచేతి కింద పాలిపోయిన మచ్చ కనిపించింది. ఎండ అనుకున్నాడు. నిరుడు ఉగాదికి చూపుడువేలు మొద్దుబారితే తాడును ఎడమ చేతికి మార్చుకున్నాడు. దీపావళి నాటికి ఎడమ చెయ్యీ అదే దారి పట్టింది. పెళ్ళానికి కూడా చెప్పలేదు. నోటితో దాని పేరు అననంత కాలం అది తనది కాదని అతని మొండి నమ్మకం.

పేరు అన్నవాడు ఒక్కడే, లేవి. మైదుకూరు అవతల పెద్దరోగానికి మందిచ్చే ఆసుపత్రిలో పనిచేస్తాడు. ఒకప్పుడు ఆ రోగం వచ్చి నయమైనవాడే, మూడు వేళ్ళు సగానికి అరిగిపోయాయి. వారం వారం బస్సు మీద సైకిలు వేసుకొచ్చి, సంత రోజున రేవుల వెంట తిరుగుతాడు. మూడు నెలల కిందట సుంకన్న మోచేతిని కోడీకతో నిమిరి, "తెలుస్తాందాప్పా?" అని అడిగాడు. సుంకన్న తెడ్డెత్తి కొట్టబోయాడు. అప్పటి నుంచి లేవి ప్రతి సంతకూ దూరంగా నిలబడి ఒక్క మాటే అని పోతున్నాడు. "మాత్రలుండాయి సుంకన్నా. పుండ్లు పడకముందే రా."

ఇవాళ సంత.

సుంకన్న ఎనిమిదో పరకను గుచ్చబోయాడు. చేప జారింది. వంగి ఏరుకునే లోపల మళ్ళీ జారింది.

"ఈ తాడు పనికిరాదు. కషాయం సరింగా కాగలేదు. ఒక్క పనన్నా తిన్నగా జేస్తావా నువ్వు?" అని అరిచాడు.

మద్దమ్మ జారిన పరకను ఏరి ముల్లుకు గుచ్చింది. దాంతో అతనికి ఇంకా మండింది. ఆమె వైపు వీపు పెట్టి, తాడు దించి, ఎన్నడూ చేయని పని చేశాడు. తాడును పళ్ళ మధ్య బిగించాడు. చూస్తే పెద్ద ఈరన్న పదూర్లకు చెప్పి నవ్వుతాడు.

చాలాసేపు ఏమీ లేదు. దవడ పీకింది. ఉన్నట్టుండి పంటి మొదట్లో ఒక చిన్న బరువు. సుంకన్న ఊపిరి బిగపట్టాడు. రెండు మూరలు వదిలాడు. ఆగాడు. తాడు పక్కకు మళ్ళింది. చేత్తో అందుకుని విసిరి గుచ్చాడు.

చేప అడుగుకు దూకింది. తాడు బుర్రుమని అరచేతుల్లోంచి పరుగెత్తింది. ఎంత బిగించాడో, ఎంత వదిలాడో అతనికి అంతుపట్టడం లేదు. బిగించాననుకుంటే జారుతోంది, వదిలాననుకుంటే తెగేలా సాగుతోంది. అంతలో ఒళ్ళో ఎర్రగా ఏదో కారుతుండటం చూశాడు. తాడు అరచేతిని కత్తిలా కోసింది.

"ఇడువు! నాకియ్యి!" మద్దమ్మ తెడ్డు పడేసి ముందుకు వచ్చింది. పుట్టి ఒరిగింది. ఆమె తాడు లాక్కుంది.

సుంకన్న నోరు తెరుచుకుని చూశాడు. చేప లాగితే వదిలింది, అలిస్తే చుట్టింది, పుట్టిని దాని వెంట ఒక చుట్టు తిరగనిచ్చింది. అదంతా అతని విద్యే. ఆమెకు నేర్పిందేమీ కాదు. అరుగు మీద కూర్చుని ఈరన్నతో గొప్పలు చెప్పుకుంటుంటే లోపల సంగటి కెలుకుతూ విన్నది. చివరికి మొప్పల్లో చెయ్యి దూర్చి, నాలుగు వీశెల వాలుగను పుట్టిలోకి ఈడ్చింది. అది మీసాలాడిస్తూ దబదబా కొట్టుకుంది.

"అబ్బా!" అంది మద్దమ్మ. చూపుడువేలు నోట్లో పెట్టుకుని చీకింది. దారమంత గీత, లోపల కొంచెం ఎరుపు. "మంట పుడ్తాంది. ఎట్ల పట్టుకుంటివయ్యా ఇన్నేండ్లు?"

సుంకన్న తన అరచేయి చూసుకున్నాడు. ఎముక కనిపించేంత లోతు కోత. అబ్బా అని తను అని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఆ చిన్న గీతను చూస్తే అతనికి కుళ్ళు పుట్టింది.

"నీకెప్పటి నుంచి తెల్సు?" అన్నాడు.

"ఏంది?"

"మద్దీ."

ఆమె చీర చెంగు చించి అతని చెయ్యి చుట్టసాగింది. "నిరుడు పొయ్యి మింద సట్టిని ఒట్టి చేతుల్తో దించితివి. అయి పొక్కులెత్తినా నువ్వు చూసుకోల్యా. ఆపొద్దు నుంచి నువ్వు నిద్రపోయినాక కాళ్ళు చూస్తాండా. తుమ్మముండ్లుంటే తీస్తాండా."

"చెప్పల్యా?"

"చెప్తే తెడ్డెత్తుతావు."

అతనికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చేప దొరికిన రోజు కూడా ఓడిపోయినట్టే ఉంది. మోకు లాగి బండరాయి పైకి తీశాడు. ఆమె తెడ్డు వేసింది.

ఒడ్డుకు చేరాక మద్దమ్మ వాలుగను తడి గోనెలో చుట్టి నెత్తికెత్తుకుంది. కర్నూలు రాజధాని అయ్యాక గుడారాల్లో దిగిన ఆఫీసర్ల వంటవాళ్ళు పెద్ద చేపలకు ఎదురుచూస్తుంటారు. నాలుగడుగులు వేసి ఆగింది.

"సంగటి సట్టిలో ఉండాది. చెయ్యి తడపాకు." ఇసుకలో పడి నడిచి పోయింది.

సుంకన్న పుట్టిని ఒడ్డుకు బోర్లించాడు. అతుకులకని దాచిన తోలుముక్క ఒకటి బయటికి తీశాడు. చూపుడువేలికి చుట్టి, కత్తిమొనతో గాటు పెట్టుకుని, పట్టీలా కోశాడు. తోలు కుట్టే ఆరెతో పొడిచి, తాడు పోగు దూర్చి, కొసను పంటితో లాగి ముడేశాడు. ఆరె రెండుసార్లు వేలికి దిగింది. నెత్తురు కనిపిస్తే తుడుచుకుని మళ్ళీ కుట్టాడు. విసుగుతో ఒకసారి విసిరికొట్టాడు కూడా. పోయి వెతికి తెచ్చుకున్నాడు.

లేవి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎప్పటిలా దూరంగానే సైకిలు ఆపాడు.

"ఆడ ఎన్నాళ్ళుండాల?" అని సుంకన్నే అడిగాడు.

లేవి తడబడ్డాడు. "రెండేండ్లు. మూడు గూడా కావచ్చు."

"వేలికి మళ్ళా తెలుస్తాదా?"

"అబద్ధం జెప్పనప్పా. పోయింది రాదు. ఉండేది పోదు."

సుంకన్న నది వైపు ఉమ్మేశాడు. "బస్సెక్కనిస్తారా?"

"చెయ్యి తువ్వాల్లో పెట్టుకో. నేను పక్కన కూర్చుంటా." లేవి చుట్టూ చూశాడు. "మీ ఆడమనిషికి చెప్పవా?"

"చెప్పేదేముండాది? అన్నీ నాకంటే ముందు ఆమెకే తెలుస్తాయి."

లేచి పంచె దులుపుకున్నాడు. కుట్టిన తొడుగును మద్దమ్మకు కనిపించేలా పుట్టి మీద పెట్టి, గాలికి పోకుండా సీసపు గుండు ఆనించాడు. ఇద్దరూ సైకిలుకు చెరోపక్క నడుస్తూ గట్టెక్కారు.

బోర్లించిన పుట్టి మీద, ఎండలో, ఆ తోలు తొడుగు గుండ్రంగా నోరు తెరుచుకుని ఉంది. మద్దమ్మ వేళ్ళు రెండు పట్టేంత వెడల్పు. సుంకన్న తన వేలి కొలతకే కోశాడు.