ఇంటర్వెల్ తర్వాత చనిపోవాల్సిన అక్క

అద్దాలావిడకి శుక్రవారం సెలవు. మిగతా ఆరు రోజులూ కళ్లజోళ్ల షాపు వెనక గదిలో కూర్చుని, గిర్రున తిరిగే రాయి మీద అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అద్దం పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టే రకం. అలాంటి మనిషి వారానికొకసారి సినిమాకి వెళ్తే ఏమవుతుంది? సగంలో లేచి వచ్చేస్తుంది.

ఆవిడ భర్త లెక్కల మాస్టారు. ఆయనకి ఏదైనా సరే మొదలుపెట్టాక మధ్యలో వదలడమంటే గిట్టదు. దగ్గు తగ్గిపోయినా మందు సీసా ఖాళీ అయ్యేదాకా తాగుతాడు. ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే, కుర్చీలు మడతపెట్టేవాళ్లు వచ్చి భుజం తట్టేదాకా ముందు వరసలోంచి కదలడు.

"ఇంత చెత్త ఎలా చూస్తారండీ?" అని ఆవిడ అడిగితే, "చెత్తో కాదో ఆఖర్న గదా తెలిసేది" అంటాడు. ఆ మాట వింటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నిజానికి ఆ ఊళ్లో సినిమా మధ్యలో లేచేవాళ్లు చాలా తక్కువ. సినిమాలు బాగుండి మాత్రం కాదు. మధ్యలో లేచి వస్తే తెర మీద నుంచి ఎవరో ఒకరు దిగి వెంట వస్తారు, అదీ తంటా. వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వాలి, కూర్చోబెట్టాలి, ఆ రోజు ఆఖరాట లోపల "ఇక వెళ్లిరా" అనాలి. ఎవరి వెంట వచ్చారో వాళ్లు ఆ మాట అంటేనే తిరిగి వెళ్తారు. సెలవు రోజున చెప్పాపెట్టకుండా చుట్టం దిగినంత పని. ఆ బాధ పడలేక జనం కునికిపాట్లు పడుతూ అయినా సరే శుభం కార్డు దాకా కూర్చుంటారు.

అద్దాలావిడకి మాత్రం చెత్త సినిమా చూడడం కంటే ఆ చాకిరీయే నయం. ఒకసారి విలన్ దగ్గర పనిచేసే గూండా వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, పాపం గిన్నెలన్నీ తోమిపెట్టాడు. ఇంకోసారి క్లబ్బులో నాట్యం చేసే అమ్మాయి వచ్చి, సోఫాలో పడి రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. అందరినీ మర్యాదగానే "వెళ్లిరా" అని పంపింది.

ఆ శుక్రవారం పొద్దుటాటకి వెళ్లారు. హీరో కాలేజీ కుర్రాడట. ఒంటిచేత్తో ఇరవై మందిని కొట్టాడు. ఎందుకు కొట్టాడో కొట్టించుకున్నవాళ్లకి కూడా తెలిసినట్టు లేదు. ఇంటర్వెల్ అయిందో లేదో, సందర్భం లేకుండా ఒక పాట ఊడిపడింది.

"నేను పోతున్నా" అంది అద్దాలావిడ.

"ఇంకో గంటేగా, ఓర్చుకో."

"గంటంటే అరవై నిమిషాలు. లెక్కల మాస్టారికి నేను చెప్పాలా?"

వరసలో అందరి కాళ్లూ తొక్కుకుంటూ బయటపడింది. ఎండలో గొడుగు తెరిచేసరికి వెనక చెప్పుల చప్పుడు. చూస్తే హీరోగారి అక్క. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతిలో భోజనం క్యారేజీ.

"ఈసారి నువ్వా? పద" అంది అద్దాలావిడ, గొడుగు సగం అటు పట్టి.

ఇంటికి వచ్చాక మంచినీళ్లిచ్చింది. "భోంచేస్తావా?" అంటే, "తమ్ముడు తినందే నేను తిననండి" అంది అక్క.

"మరి ఆ క్యారేజీలో ఏముంది?"

అక్క మూత తీసి చూపించింది. నాలుగు గిన్నెలూ ఖాళీ. "ఇది తెరిచే సీను లేదండీ. ఇది పట్టుకుని రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేస్తుంది. పాట అయిన పది నిమిషాలకి."

"ఎవర్ని?"

"నన్నేనండి." బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. "అప్పుడు తమ్ముడికి కోపం వస్తుంది. ఆ కోపం మీదే మిగతా సినిమా నడవాలి."

"రోజూనా?"

"రోజుకి నాలుగాటలండి."

ఇంతలో మాస్టారు వచ్చాడు. ఆయన ఆఖరుదాకా కూర్చునే వచ్చాడు.

"నువ్వు ఈ అమ్మాయిని తీసుకొచ్చేశావు, అక్కడ లారీ వచ్చింది, పోయింది. ఎవరూ చావలేదు. హీరోకి కోపం రావడానికి కారణం లేక గంటసేపు బెంచీ మీద కూర్చున్నాడు. విలన్ రెండుసార్లు గడియారం చూసుకుని ఇంటికెళ్లిపోయాడు. జనం కుర్చీలు విరగ్గొట్టారు" అన్నాడు.

"ఏమండీ" అంది ఆవిడ నెమ్మదిగా. "ఆ గూండా, గిన్నెలు తోమినవాడు. వాడేమయ్యాడు?"

"క్లైమాక్సులో విలన్ వాణ్ణే అడ్డం పెట్టుకున్నాడుగా. పోయాడు."

"నాట్యం చేసే అమ్మాయి?"

"హీరోకి తగలాల్సిన తూటా ఆ పిల్లకి తగిలింది. అతని ఒళ్లో తల పెట్టుకుని నాలుగు మాటలు చెప్పి పోయింది."

"నాకు చెప్పలేదేం!"

"ఎప్పుడైనా విన్నావా? కథ ఎత్తగానే చెవులు మూసుకుంటావుగా!"

అద్దాలావిడ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లలో ఒక్క సినిమా చివర చూసిన పాపాన పోలేదు. అందుకే ఎవరిని ఎక్కడికి సాగనంపుతోందో తెలియకుండానే నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆవిడకి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఈ పిల్లని మాత్రం పంపేది లేదని అక్కడే, అప్పుడే తీర్మానించేసింది.

నాలుగున్నరకి హాలు మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మేడమ్, మధ్యాహ్నం ఆటలోనూ హీరో బెంచీ మీదే కూర్చున్నాడు. నెత్తీనోరూ కొట్టుకుంటున్నా. సాయంత్రం ఆటకైనా ఆవిణ్ణి పంపించండి."

"చంపడానికా?"

"సినిమా అండీ!"

"మీకు సినిమా. ఆ పిల్లకి అదే బతుకు."

"నేను పంపను" అని ఆవిడ తెగేసి చెప్పినా, ఆ పిల్ల ఉండాలిగా! అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. మెతుకు ముట్టలేదు, కుర్చీలో నిమిషం కూర్చోలేదు. "చిన్నపిల్లాడండీ, ఆకలికి తట్టుకోలేడు" అని పదోసారి అంది.

"నీ తమ్ముడు నా తల తింటున్నాడమ్మా, ఇంకా ఆకలేంటి?" అని విసుక్కుంది అద్దాలావిడ. మరుక్షణం, ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి గొంతు తగ్గించింది. "సరే, వెళ్తావే అనుకో. రోజుకి నాలుగుసార్లు వస్తుందిగా ఆ లారీ. ఒక్కసారైనా తప్పుకోవచ్చుగా?"

"హారన్ వినపడుతుందండీ. ఎటునుంచో తెలీదు. అటు తిరిగి చూసినా ఏదో మసగ్గా ఉంటుంది, అంతలోనే..."

"గోడ మీద గడియారంలో టైమెంత?"

అక్క కళ్లు చికిలించింది. "గడియారం ఉందాండీ?"

అద్దాలావిడ తాళాల గుత్తి అందుకుంది. "మేనేజరు గారూ, ఆరింటికల్లా తీసుకొస్తాను. మీరు పదండి."

సెలవు రోజున షాపు తలుపు తీసి, అక్కని చార్టు ఎదురుగా కూర్చోబెట్టింది. పై వరసలో పెద్దక్షరం ఒక్కటే చదివింది, అదీ తడుముకుంటూ. ఒక్కో అద్దం మార్చుతూ పోతే రెండు కళ్లకీ మైనస్ నాలుగున్నర తేలింది. కథ రాసినవాడికీ, సినిమా తీసినవాడికీ ఆ పిల్ల చావు గుర్తుంది కానీ, ఆ పిల్లకి కళ్లు కనిపిస్తున్నాయా అని అడగాలని ఎవడికీ తోచలేదు. అద్దాలావిడ తిట్టుకుంటూనే రాయి తిప్పింది. తొందరలో ఒక అద్దం అంచు విరిగింది. ఇంకొకటి తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఐదుంపావుకి జోడు తయారైంది.

పెట్టుకున్న అక్క ఎదురుగా ఉన్న మొహం వైపే చూసింది. "మీరు ఏడుస్తున్నారాండీ?"

"అద్దం పొడి పడింది" అంది అద్దాలావిడ.

హాలు దగ్గర మేనేజరు కళ్లజోడు చూసి గుండె పట్టుకున్నాడు. "మేడమ్! ఇంటర్వెల్ ముందు లేని కళ్లజోడు తర్వాత ఎలా వచ్చిందని జనం అడగరా?"

"ఒక్క ఫైట్లో మీ హీరో చొక్కా మూడు రంగులు మారింది. ఎవడైనా అడిగాడా?"

అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు. అద్దాలావిడ అక్క భుజం మీద చెయ్యి వేసింది. తెరవైపు నడిచే దారి ఆ పిల్లకి స్పష్టంగా కనిపిస్తోంది, అదొక్కటే ధైర్యం. చివరికి అంది. "ఇక వెళ్లిరా."

మాస్టారు రెండు సీట్లు పట్టి ఉంచాడు. అదే సినిమా అదే రోజు రెండోసారి చూడాల్సిన ఖర్మ పట్టింది ఆవిడకి. అవే దెబ్బలు, అవే జోకులు. అయినా లేవలేదు. ఇంటర్వెల్ అయింది. పాట వచ్చింది, పోయింది. ముక్కు మీద కళ్లజోడుతో, క్యారేజీ పట్టుకుని అక్క రోడ్డు మీదికి వచ్చింది. అద్దాలావిడ మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా ఆయన కిక్కురుమనలేదు.

హారన్ మోగింది. అక్క తల తిప్పి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది. లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" అని లారీ వెనక అరిచింది అక్క.

ముందు వరసలో ఎవరో ఈల వేశారు. అద్దాలావిడ ఊపిరి పీల్చుకుంది. బుగ్గల మీద నీళ్లు కారుతుంటే ఈసారి పొడి అనలేదు.

అక్క కాలేజీ చేరింది. హీరో బెంచీ మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఆకలేస్తోందే!"

క్యారేజీ ఇవ్వబోయిన అక్క చెయ్యి మధ్యలో ఆగిపోయింది. తమ్ముడి మొహంలోకి వంగి చూసింది. కళ్ల కింద సంచులు, చెవుల దగ్గర రంగు అందని తెల్ల వెంట్రుకలు, బెల్టులోకి కుక్కిన పొట్ట.

"నీకెన్నేళ్లురా?"

ఆ ప్రశ్నకి అతనికి డైలాగు లేదు. చాలాసేపు వెతుక్కుని, "పందొమ్మిది" అన్నాడు.

"నాకంటే పదిహేనేళ్లు పెద్దాడిలా ఉన్నావు! ఇంకా నేను మోసుకురావాలా? వండుకుని తిను."

ఖాళీ క్యారేజీ అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి నడిచింది. హీరో అక్కడే నిలబడ్డాడు. ఎవరిని చూపించాలో తెలియక కెమెరా కాసేపు తటపటాయించింది. తర్వాత అతన్ని వదిలేసి, అక్క వెంట వెళ్లింది.